క్రాస్ స్టిచ్ ప్యాటర్న్‌ల ఆన్‌లైన్ దుకాణం: ముందు చార్ట్ సరిచూసుకోండి

క్రాస్ స్టిచ్ ప్యాటర్న్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం తెరవడం ఒక పూట పని. గుడ్డ మీద గడికో గుణకారం గుర్తులా కుట్టే ఎంబ్రాయిడరీ క్రాస్ స్టిచ్. ఏ గడిలో ఏ రంగు కుట్టాలో గుర్తులతో చూపే గళ్ల పటం చార్ట్, దానికి దారాల పట్టిక, సూచనలు కలిపిన ఫైలే ప్యాటర్న్. ఖాతా తెరిచి, బ్యాంకు వివరాలిచ్చి, ఒక ఫోటో, ఒక ధర పెడితే అయిపోతుంది. సరుకు నిల్వ పెట్టుకోనక్కర్లేదు, పార్సిళ్లు కట్టనక్కర్లేదు, ఒకసారి తయారుచేసిన ఫైలు ఎన్నిసార్లయినా అమ్మొచ్చు. అందుకే తేలిక వ్యాపారం అనుకుని చాలామంది దిగుతారు. అసలు కష్టం ఆ ఫైలులోనే ఉంది. కొన్నవాళ్లు దాన్ని నెలల తరబడి ఎదురుగా పెట్టుకుని గడి గడికీ చూసుకుంటూ కుడతారు. అడ్డంగా 150, నిలువుగా 150 గళ్ల డిజైన్‌ను నిండుగా కుడితే 22,500 కుట్లు. అందులో సగం పూర్తయ్యాక ఒక గుర్తుకు దారం నంబరే ఇవ్వలేదని తేలితే డబ్బు వెనక్కిచ్చినా ఆ శ్రమ తిరిగి రాదు. దుకాణానికి మంచి పేరొచ్చినా చెడ్డ పేరొచ్చినా చాలావరకు ఇలాంటి చోటే వస్తుంది. అందుకని దుకాణం సంగతులకన్నా చార్ట్ సంగతులే ఇక్కడ ఎక్కువ.

బొమ్మ ఎవరిది?

ఎవరిదో బొమ్మను గళ్లుగా మార్చినంత మాత్రాన అది మీ సొంతం కాదు. సినిమా పాత్రలు, కార్టూన్లు, క్రీడా జట్ల చిహ్నాలు, పాటల చరణాలు, ఇంటర్నెట్‌లో కనబడిన ఫోటోలు, వీటిలో దేనితో ప్యాటర్న్ చేసి అమ్మాలన్నా హక్కుదారుడి అనుమతి ఉండాలి. ‘30 శాతం మారిస్తే చాలు’ అనే మాట ఈ రంగంలో తరచూ వినబడుతుంది. కాపీరైట్ చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే ఆ ప్యాటర్న్‌ను సైటు తీసేస్తుంది, ఫిర్యాదులు పదే పదే వస్తే దుకాణాన్నే మూసేస్తుంది. అలా పోయేటప్పుడు మంచి ప్యాటర్న్‌లూ, వాటికొచ్చిన సమీక్షలూ కలిసి పోతాయి.

నిశ్చింతగా వాడుకోగలిగేవి మూడున్నాయి. మొదటిది మీరు గీసిన బొమ్మ. రెండోది చిత్రకారుడి రాతపూర్వక అనుమతి. ‘వాడుకోండి’ అన్న ఒక్క మాట చాలదు. దీన్ని ప్యాటర్న్‌గా మార్చి అమ్మవచ్చా, ఎంతకాలం అమ్మవచ్చు, అమ్మకంలో ఆయన వాటా ఎంత అన్నవి కాగితం మీద ఉండాలి. మూడోది కాపీరైట్ కాలం ముగిసిన పాత కళ. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న ఇలాంటి చిత్రాల ఫోటోలను 2017 నుంచి ఎవరైనా వ్యాపారానికి సైతం వాడుకునేలా విడుదల చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలోనూ ఇలాంటి చిత్రాలు పెద్దసంఖ్యలో దొరుకుతాయి. అన్ని మ్యూజియాలదీ ఒకే పద్ధతి కాదు కాబట్టి ఒక్కో చిత్రం పక్కన రాసిన షరతు చదివాకే దించుకోండి.

డబ్బిచ్చి కొన్న క్లిప్ ఆర్ట్‌తో, అంటే రెడీమేడ్ బొమ్మలతో, చిక్కు వేరే రకం. ‘వ్యాపార వినియోగానికి అనుమతి’ అని రాసి ఉన్నా, డిజిటల్ ఫైలుగా తిరిగి అమ్మకూడదనే షరతు చాలా లైసెన్సుల్లో కింద ఎక్కడో ఉంటుంది. ప్యాటర్న్ అమ్మడమంటే సరిగ్గా అదే. ఏఐ బొమ్మలకు ఇంకో లోటుంది. మనిషి సృజన లేని బొమ్మకు కాపీరైట్ వర్తించదని అమెరికా కాపీరైట్ కార్యాలయం అంటోంది. అలాంటి దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయి తమ దుకాణంలో పెట్టుకుంటే అక్కడ మీరు గట్టిగా అడగడానికి ఆధారం ఉండదు.

ఫోటోను చార్ట్‌గా మార్చే బటన్

పీసీస్టిచ్, విన్‌స్టిచ్, మ్యాక్‌స్టిచ్ లాంటి సాఫ్ట్‌వేర్లు, బ్రౌజర్‌లోనే పనిచేసే స్టిచ్ ఫిడిల్, ఇవన్నీ ఫోటో ఇస్తే క్షణాల్లో చార్ట్ చేసిపెడతాయి. ఆ చార్ట్‌ను ఉన్నదున్నట్టు అమ్మకానికి పెట్టడమే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. కొన్నవాళ్లు దూరం నుంచే దాన్ని పోల్చుకుంటారు.

ఎందుకో ఒక మూల దగ్గరగా చూస్తే తెలుస్తుంది. యంత్రం మార్చిన చార్ట్‌లో పది గళ్ల అడ్డం, పది గళ్ల నిలువు ఉన్న ఒక్క చదరంలోనే పన్నెండు, పదిహేను రంగులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. చుట్టూ తన రంగు గడి ఒక్కటీ లేకుండా ఒంటరిగా పడ్డ ఈ కుట్లను కుట్టేవాళ్లు ‘కాన్ఫెట్టీ’ అంటారు. ఒంటరి కుట్టు ఒక్కొక్కదానికీ దారం మార్చాలి, దాని రెండు కొసలనూ గుడ్డ వెనక ఉన్న కుట్ల కింద దూర్చి భద్రం చేయాలి. ఒక్క కుట్టుకు పట్టే దారంకన్నా కొసలకు పోయేదే ఎక్కువ. వెనకవైపు ముద్దలు కడుతుంది, ముందు గుడ్డ ఉబ్బుతుంది. ఇంతా చేస్తే నాలుగడుగుల దూరం నుంచి ఆ కుట్టు కనిపించదు.

దీన్ని శుభ్రం చేయడానికి ఒక వరస ఉంది. మొదట ఫోటోలో అక్కర్లేని నేపథ్యం తీసేసి, వెలుగునీడల తేడా కాస్త పెంచండి. తర్వాత ఫోటోను కావలసిన గళ్ల సంఖ్యకు కుదించండి. మార్చేటప్పుడు డిథరింగ్ అనే సదుపాయాన్ని తప్పకుండా ఆపేయండి. లేని రంగు ఉన్నట్టు భ్రమ కలిగించడానికి రెండు రంగుల చుక్కలను కలగలిపి చల్లడం దాని పని, కాన్ఫెట్టీలో పెద్ద భాగం అక్కడినుంచే పుడుతుంది. రంగుల సంఖ్యకు మీరే హద్దు పెట్టండి. చిన్న, మధ్యరకం డిజైన్లకు 15 నుంచి 30 రంగులు సరిపోతాయి. ఆ తర్వాత చేత్తో సవరించే పని మొదలవుతుంది. ఒంటరి కుట్లను పక్కనున్న రంగులో కలిపేయాలి. కంటిలో మెరుపు చుక్కలాంటివి మాత్రం ఒంటరివైనా ఉంచాలి, అవి లేకపోతే ముఖంలో జీవం ఉండదు. ఈ తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మీకు తెలుస్తుంది. కొన్నవాళ్లు డబ్బిస్తున్నది ఈ వివేచనకే.

చివరగా రంగుల పట్టికను తక్కువ కుట్ల నుంచి ఎక్కువ కుట్ల వరసలో పేర్చి చూడండి. ఏ రంగుకైనా పది కుట్లకన్నా తక్కువ ఉంటే అది అవసరమా అని మళ్లీ ఆలోచించాలి. ఆరు కుట్ల కోసం కొన్నవాళ్లు ఒక స్కీన్, అంటే దారం చుట్ట, మొత్తం కొనాల్సి వస్తుంది.

తెరమీది రంగు, చేతిలోని దారం

ఎక్కువ ప్యాటర్న్‌లు డీఎంసీ కంపెనీ దారాల నంబర్లతోనే వస్తాయి. 2017లో 01 నుంచి 35 వరకు కొత్త నంబర్లు చేరాక వాళ్ల కాటన్ దారాల్లో రంగులు 500 అయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే రంగు ఆ దారానికి ఒక అంచనా మాత్రమే. కంప్యూటర్‌లో 310 నలుపు, 3371 నల్లగోధుమ, 939 ముదురు నీలం మూడూ చక్కగా విడివిడిగా కనబడతాయి. గుడ్డ మీద, రాత్రి దీపం కింద, పక్కపక్కన కుడితే ఏది ఏదో తెలుసుకోవడం కష్టం. గుర్రం జూలులో మీరు శ్రద్ధగా పెట్టిన మూడు ఛాయలు ఒకే నల్లటి మచ్చగా మిగులుతాయి. తెలుపుదీ ఇదే కథ. బి5200 చల్లటి మెరుపు తెలుపు, బ్లాంక్ అనేది కాస్త మెత్తటి తెలుపు. తెల్లటి ఐడా గుడ్డ (గళ్లు కనబడేలా నేసిన గుడ్డ) మీద రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే కాదు, గుడ్డలో కూడా కలిసిపోతాయి.

అందుకని అసలు దారం ముక్కలు అతికించిన కలర్ కార్డు ఒకటి కొనుక్కోండి. ఈ వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ తర్వాత డబ్బు పెట్టదగ్గ వస్తువు అదే. పక్కపక్కన వచ్చే రంగులను పగటి వెలుతురులో కార్డు మీద పోల్చి చూసి, విడిగా తెలియనివాటిని మార్చండి.

గుర్తులు, గళ్లు, పేజీలు

చార్ట్‌లో ప్రతి రంగుకూ ఒక గుర్తు. సున్నా, ఇంగ్లిష్ ఓ, క్యూ మూడూ ఒకే చార్ట్‌లో ఉంటే గొడవ తప్పదు. పైకి చూసే త్రిభుజం, పక్కకు చూసే త్రిభుజం కూడా అంతే, కాగితాన్ని తిప్పి పట్టుకోగానే ఒకటి ఇంకోటైపోతుంది. ఎక్కువ గళ్లు ఆక్రమించే రంగుకు చుక్క, చిన్న గీతలాంటి తేలికైన గుర్తు ఇవ్వండి. బరువైన నల్ల గుర్తును తక్కువ కుట్లున్న రంగుకు దాచుకోండి. లేదంటే పేజీ మొత్తం నల్లగా అయిపోయి కళ్లు లాగుతాయి. రంగుల గళ్ల మీద గుర్తులున్న చార్ట్ ఒకటి, తెలుపు నలుపు చార్ట్ ఒకటి, రెండూ ఇవ్వడం మంచిది. మొదటిది తెరమీద చూసుకునేవాళ్లకు, రెండోది అచ్చు తీసుకునేవాళ్లకు.

ప్రతి పది గళ్లకూ ఒక మందపు గీత, అంచుల్లో 10, 20, 30 అని అంకెలు, నాలుగు వైపులా మధ్యభాగం చూపే బాణం గుర్తులు ఉండాలి. చాలామంది గుడ్డ మధ్యనుంచి కుట్టడం మొదలుపెడతారు, బాణాలు లేకపోతే మధ్య ఎక్కడో వాళ్లు లెక్కపెట్టుకోవాలి.

పేజీ కొలత చిన్న విషయంగా కనబడి చాలా తలనొప్పి తెస్తుంది. ఏ4 కాగితం 210 x 297 మిల్లీమీటర్లు, అమెరికాలో వాడే లెటర్ కాగితం సుమారు 216 x 279. ఏ4కి సరిగ్గా సరిపడా చేసిన చార్ట్ లెటర్ మీద కింద తెగిపోతుంది, లేదా ప్రింటర్ దాన్ని కుదించేసి గుర్తులు చదవలేకుండా చేస్తుంది. గడి 3 మిల్లీమీటర్లు పెట్టి, పేజీకి అడ్డం 60, నిలువు 80 గళ్లు ఉంచితే చార్ట్ 180 x 240 అవుతుంది. రెండు కాగితాల మీదా ఇబ్బంది లేకుండా పడుతుంది. ఆ లెక్కన 150 x 150 డిజైన్‌కు అడ్డం మూడు, నిలువు రెండు, మొత్తం ఆరు పేజీలు. పేజీ మారేచోట ముందు పేజీలోని రెండు మూడు వరసలను బూడిదరంగులో మళ్లీ చూపండి, లేకపోతే అతుకు దగ్గర ఒక వరస తప్పిపోవడమో రెండుసార్లు కుట్టడమో జరుగుతుంది. అయితే ఆ వరసలు మళ్లీ కుట్టేవి కావని స్పష్టంగా రాయాలి. ఏ పేజీ ఎక్కడ వస్తుందో చూపే చిన్న పటం ఒకటి మొదట్లో పెట్టండి.

ఇప్పుడు చాలామంది కాగితం మీద కాకుండా ట్యాబ్లెట్‌లో, ప్యాటర్న్ కీపర్ లాంటి యాప్‌లతో కుడుతున్నారు. ఒక గుర్తును తాకితే ఆ రంగు గళ్లన్నీ వెలిగి, కుట్టినవి గీత కొట్టుకునే వీలు అందులో ఉంది. ఇది పనిచేయాలంటే పీడీఎఫ్‌లో గుర్తులు ఫాంట్ అక్షరాలుగా ఉండాలి. చార్ట్‌ను స్క్రీన్‌షాట్ తీసి పీడీఎఫ్‌లో అతికిస్తే యాప్‌కు అదొక ఫోటో మాత్రమే, గుర్తులు దానికి కనబడవు. సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి, ఫాంట్‌ను అందులోనే పొదగండి. ఫాంట్ పొదగకపోతే మీ కంప్యూటర్‌లో నక్షత్రంగా కనిపించిన గుర్తు కొన్నవాళ్ల కంప్యూటర్‌లో ఖాళీ డబ్బా అవుతుంది. ఫైలు పరీక్షించేటప్పుడు మీ యంత్రం మీద కాకుండా వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడమనేది ఇందుకే.

లెక్కల పేజీ

గళ్ల సంఖ్యను గుడ్డ కౌంట్‌తో భాగిస్తే అంగుళాల్లో కొలత వస్తుంది. 14 కౌంట్ ఐడా అంటే అంగుళానికి 14 గళ్లు. 150 గళ్లకు 10.7 అంగుళాలు, అంటే 27.2 సెంటీమీటర్లు. 16 కౌంట్ మీద 23.8, 18 కౌంట్ మీద 21.2 సెంటీమీటర్లు. అంగుళానికి 28 పోగులుండే 28 కౌంట్ ఈవెన్‌వీవ్ (పోగులు సమానంగా నేసిన గుడ్డ) లేదా లినెన్ మీద రెండేసి పోగుల మీదుగా కుడితే 14 కౌంట్‌కు వచ్చిన కొలతే వస్తుంది. ఫ్రేమ్ కట్టడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాల మిగులు గుడ్డ కలిపి చెప్పాలి. డిజైన్ చుట్టూ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ గళ్లు మిగిలిపోతే కొలత తప్పుగా పడుతుంది, ఎగుమతికి ముందే వాటిని కత్తిరించేయండి.

దారం ఎంత కావాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది, ఆ అంకె ఎలా వచ్చిందో మీకు తెలిసి ఉంటే ప్రశ్నలకు జవాబివ్వగలుగుతారు. 14 కౌంట్‌లో గడి భుజం 1.81 మిల్లీమీటర్లు. ముందువైపు రెండు ఐమూల గీతలు కలిపి 5.1, వెనకవైపు రెండు నిలువు గీతలు 3.6, ఒక్క కుట్టుకు మొత్తం సుమారు 8.8 మిల్లీమీటర్లు. ఒక స్కీన్ 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. రెండేసి పోగులతో కుడితే 24 మీటర్లు చేతికొస్తుంది. కాగితం మీద 2,700 కుట్లు రావాలి. కొసలు, సూదిలో మిగిలే ముక్కలు, విప్పి మళ్లీ కుట్టేవి పోను నాలుగింట ఒక వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అనుకుంటే 1,800 నుంచి 2,000 కుట్లు. కాన్ఫెట్టీ ఎక్కువున్న డిజైన్‌లో ఇంకా తగ్గుతుంది. 1,900 కుట్లున్న రంగుకు ఒక స్కీన్ అని రాయకండి, రెండని రాయండి. మధ్యలో దారం అయిపోయి మళ్లీ కొంటే రంగు ఒక్కోసారి కాస్త తేడా వస్తుంది.

ఎన్ని పోగులతో కుట్టాలో క్రాస్ స్టిచ్‌కు, బ్యాక్ స్టిచ్‌కు (అంచులు చూపే గీత కుట్టుకు) విడివిడిగా రాయాలి. సాధారణంగా 14 కౌంట్ మీద మొదటిదానికి రెండు, రెండోదానికి ఒకటి. గడిలో కొంత భాగమే నింపే పావు కుట్లు, ముప్పావు కుట్లు ఉంటే ప్యాటర్న్ వివరణలోనే చెప్పండి. ఐడా గుడ్డలో గడి మధ్యను సూదితో పొడుచుకుని రంధ్రం చేయాలి కాబట్టి కొత్తవాళ్లకు అవి కష్టం.

అమ్మేముందు ఒకసారి కుట్టించడం

ప్రతి డిజైన్‌ను మీరే కుట్టలేకపోవచ్చు. కనీసం మొదటి కొన్నిటినైనా వేరేవాళ్లతో పూర్తిగా కుట్టించండి, ప్యాటర్న్ ఉచితంగా ఇస్తే దారం తామే పెట్టుకుని కుట్టేవాళ్లు ఎంబ్రాయిడరీ బృందాల్లో దొరుకుతారు. కుట్టేటప్పుడు వాళ్లు మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టుకోండి. ప్రశ్న వచ్చిందంటే ఫైలులో ఏదో తక్కువైందని అర్థం. ఫోన్ చేసి జవాబు చెప్పి ఊరుకోవద్దు, ఫైలులో రాయండి.

ఇలా కుట్టినదాని ఫోటో అమ్మకానికీ పనికొస్తుంది. కంప్యూటర్ తయారుచేసిన మాకప్‌లో (కుట్టేసినట్టు చూపే బొమ్మలో) కుట్లు ఎప్పుడూ ఒకే తీరుగా, రంగులు ఎప్పుడూ మెరుస్తూ ఉంటాయి. అసలు దారం అలా ఉండదని కొనేవాళ్లకు తెలుసు. పగటి వెలుతురులో తీసిన నిజమైన ఫోటో ఒకటి, కుట్లు కనబడేంత దగ్గరి ఫోటో ఒకటి, కొలత తెలిసేలా ఫ్రేమ్‌లో ఒకటి చాలు. కుట్టిన నమూనా లేకపోతే అది కంప్యూటర్ బొమ్మ అని చెప్పేయండి. చార్ట్ పేజీ ఫోటో పెట్టాలనుకుంటే గుర్తులు చదవలేనంత మసకగా ఉండాలి, లేకపోతే ఆ ఫోటో నుంచే కుట్టేస్తారు. ‘ఇది పీడీఎఫ్ ప్యాటర్న్ మాత్రమే, దారం, గుడ్డ రావు’ అన్న మాట మొదటి ఫోటోలోనూ వివరణ మొదటి వరసలోనూ ఉండాలి. ఎంత రాసినా పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

ఎక్కడ, ఎంతకు

చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ లాంటి పెద్ద ఆన్‌లైన్ సంతలో కొనేవాళ్లు ముందే ఉంటారు, అందుకు రుసుము కట్టాలి. సొంత సైటులో రుసుము తక్కువ, కానీ మనుషుల్ని మీరే రప్పించుకోవాలి. కొత్తవాళ్లకు మొదటిదే నయం. ఎట్సీలో ఒక్కో లిస్టింగ్‌కు, అంటే అమ్మకానికి పెట్టిన ఒక్కో వస్తువుకు, 0.20 డాలర్లు, అది నాలుగు నెలలు ఉంటుంది, అమ్ముడైన ప్రతిసారీ మళ్లీ 0.20 పడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమ్మకం మీద 6.5 శాతం. వీటికి తోడు చెల్లింపు రుసుము దేశాన్ని బట్టి మారుతుంది.

స్థిరంగా పడే ఆ 0.20 వల్ల చవక ప్యాటర్న్‌లు దెబ్బతింటాయి. 2 డాలర్లకు అమ్మితే చెల్లింపు రుసుము కాకుండానే 0.33 పోతుంది, అంటే 16.5 శాతం. 8 డాలర్లకు అమ్మితే 0.72, కేవలం 9 శాతం. కాబట్టి బుక్‌మార్క్ అంత చిన్న డిజైన్లను ఒక్కొక్కటిగా కాకుండా నాలుగైదు కలిపి ఒక కట్టగా పెట్టండి. పోటీగా ధర తగ్గించుకుంటూ పోవద్దు. నెలల పని పెట్టబోయేవాళ్లు చార్ట్ మీద ఒక డాలరు మిగుల్చుకోవడంకన్నా మంచి చార్ట్ కోసం చూస్తారు.

ఒక లిస్టింగ్‌లో అయిదు ఫైళ్ల వరకు, ఒక్కోటి 20 ఎంబీ దాకా పెట్టవచ్చు. రంగుల చార్ట్, తెలుపు నలుపు చార్ట్, సూచనల పత్రం విడివిడిగా పెడితే సరిపోతుంది. వెతుకుడు పదాలు పదమూడు, ఒక్కోటి 20 అక్షరాలు మించకూడదు. ‘క్రాస్ స్టిచ్’ అనే పదం మీద పోటీ విపరీతం. బొమ్మలో ఉన్నదేమిటి, ఏ సందర్భానికి, ఎంత పెద్దది, కొత్తవాళ్లు కుట్టగలరా అన్నవి పదాలుగా మార్చండి. ఒకటి రెండు ప్యాటర్న్‌లతో తెరిస్తే దుకాణం బోసిగా ఉంటుంది. ఒకే తీరులో ఉన్న పది పన్నెండు డిజైన్లతో మొదలుపెడితే ఒకటి నచ్చినవాళ్లు రెండోదీ చూస్తారు.

పన్నుల దగ్గర ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డిజిటల్ వస్తువుల మీద యూరోపియన్ యూనియన్‌లో వ్యాట్ అనే అమ్మకం పన్ను కొన్నవాళ్ల దేశాన్ని బట్టి పడుతుంది. ఎట్సీలాంటి సంత ద్వారా అమ్మితే దాన్ని వాళ్లే వసూలు చేసి కడతారు. సొంత సైటులో అమ్మితే ఆ బాధ్యత మీది, యూనియన్ బయట ఉన్న అమ్మకందారుకు మొదటి అమ్మకం నుంచే వర్తిస్తుంది. సొంత సైటు తెరిచే రోజుకు ముందే పన్ను సలహాదారుతో మాట్లాడండి.

అమ్మిన తర్వాత

దించుకున్న ఫైలును వెనక్కి తీసుకోలేం కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వబోమని చాలా దుకాణాలు రాసుకుంటాయి. ఫైలు తెరుచుకోకపోతే, చార్ట్‌లో తప్పుంటే మాత్రం వాదించకుండా సరిచేసి ఇవ్వాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. వాడకం షరతులను రెండు మూడు వాక్యాల్లో చెప్పండి: సొంతానికి కాపీ తీసుకోవచ్చు, ఫైలు పంచుకోకూడదు, కుట్టిన వస్తువును అమ్ముకోవచ్చా లేదా. చివరిది రాయకపోతే అదే ప్రశ్న పదే పదే వస్తుంది. చేత్తో కుట్టిన ఒకటి రెండు వస్తువులు అమ్ముకోనివ్వడంలో మీకు నష్టమేమీ లేదు.

తప్పు బయటపడినప్పుడు ఏం చేయాలో ముందే సిద్ధంగా ఉండండి. ప్రతి పీడీఎఫ్ అడుగున వెర్షన్ నంబరు, తేదీ వేయండి. సవరించిన ఫైలును పాతవాళ్లందరికీ పంపేటప్పుడు ‘కొత్త ఫైలు చూసుకోండి’ అని వదిలేయకూడదు. ఏం మారిందో గడితో సహా చెప్పాలి: మూడో పేజీ, అడ్డం 141, నిలువు 67 నుంచి 72 వరకు 310 బదులు 3371 కుట్టాలి, మిగతాదేమీ మారలేదు, ఆ భాగం ఇప్పటికే కుట్టేసి ఉంటే విప్పకుండా వదిలేసినా బొమ్మకు తేడా తెలియదు.